కాపీ వద్దంది.. కొత్త దారి కుట్టింది

మంచి బూట్లో, హ్యాండ్‌బ్యాగో, సూటో కొనడానికి పెద్ద షోరూమ్‌కి వెళ్లారనుకోండి. లోపల చిన్న పట్టీ మీద మేడిన్ ఇటలీ అని కనిపిస్తే చాలు, ధర చూడకుండానే అది ఎక్కువే ఉంటుందని మనకు తెలిసిపోతుంది. ఫ్యాషన్ అంటే ఇటలీ, ఇటలీ అంటే ఫ్యాషన్.

ఇప్పుడు 120 ఏళ్లు వెనక్కి వెళ్దాం. అదే ఇటలీలో, మిలాన్ నగరంలో, పెద్దింటి ఆడవాళ్ల గౌన్లు కుట్టే దుకాణాలు పారిస్ మోడళ్లు తెచ్చుకుని వాటినే మళ్లీ కుట్టేవి. పట్టు ఇటలీది, చేతులు ఇటలీవి, సూది పట్టి కళ్లు పోగొట్టుకునే అమ్మాయిలు ఇటలీవాళ్లే. డిజైన్ మాత్రం పారిస్‌ది, పేరూ పారిస్‌దే. ఇలా ఎందుకుండాలని గట్టిగా అడిగి, ఊరికే అడిగి వదిలేయకుండా కుట్టి చూపించిన మనిషి ఒకరున్నారు. ఆమె ఏ డిజైన్ కాలేజీలోనూ చదవలేదు. పదేళ్ల వయసులో నేల మీద గుండుసూదులు ఏరడంతో ఆమె కెరీర్ మొదలైంది. పేరు రోసా జెనోని.

పద్దెనిమిది మందిలో పెద్దది

రోసా 1867లో పుట్టింది. ఊరు టిరానో. ఇటలీకి ఉత్తరాన, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని వాల్టెల్లినా అనే కొండ లోయలో ఉంటుంది. తండ్రి చెప్పులు కుట్టేవాడు. తల్లి బట్టలు కుట్టేది. పిల్లలు పద్దెనిమిది మంది. అందరికన్నా పెద్దది రోసా. అలాంటి ఇంట్లో పెద్దపిల్లకు బాల్యం ఎంతకాలం ఉంటుందో మీరే ఊహించుకోండి.

పదేళ్లు నిండేసరికి ఆమెను మిలాన్ పంపేశారు. అక్కడ వాళ్ల బంధువు ఒకామె కుట్టుపని దుకాణం నడిపేది. రోసా అందులో పనిపిల్లగా చేరింది. మిలాన్ యాసలో ఇలాంటి పిల్లల్ని పిషినీనా అనేవారు. చిన్నది, చిట్టిది అని అర్థం. పేరు ముద్దుగా ఉంది కానీ పని ముద్దుగా ఉండదు. నేల ఊడవాలి, రాలిన గుండుసూదులు ఏరాలి, పెద్దవాళ్లకు కావలసినవి పరుగెత్తి తేవాలి. కుట్టిన గౌన్లను తన ఒంటికన్నా పెద్దగా ఉండే పెట్టెల్లో పెట్టుకుని వీధులు దాటి ఇళ్లకు చేర్చాలి. ఈ సందుల్లోనే చూసి చూసి కుట్టుపని నేర్చుకోవాలి. జీతం నామమాత్రం. చివరికి 1902లో మిలాన్‌లోని ఈ చిట్టిపిల్లలే పని మానేసి వీధుల్లోకి వచ్చి సమ్మె చేశారు. బరువులు మోయించొద్దని, దుకాణం పనితో పాటు యజమానురాలి ఇంటిపని చేయించొద్దని అడిగారు. వాళ్ల పని ఎలా ఉండేదో చెప్పడానికి ఆ ఒక్క సమ్మె చాలు.

రోసా ఇరవై ఐదేళ్లు ముందే ఆ పని చేసింది. అయితే ఆమె ఇంకో పని కూడా చేసింది. పగలంతా దుకాణంలో ఉండి, ఆగిపోయిన ప్రాథమిక చదువును సాయంత్రాల్లో పూర్తిచేసింది. దాంతో ఆగకుండా ఫ్రెంచ్ కూడా నేర్చుకుంది. కుట్టుపని పిల్లకు ఫ్రెంచ్ దేనికి? ఆ రోజుల్లో ఫ్యాషన్ పత్రికలు, మోడళ్ల పేర్లు, బట్టల పేర్లు అన్నీ ఫ్రెంచ్‌లోనే ఉండేవి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేవాళ్లకు ఇంగ్లిష్ ఎలాగో అప్పుడు కుట్టుపనిలో ఫ్రెంచ్ అలాగ.

భాష తెచ్చిన టికెట్

ఆ ఫ్రెంచే ఆమె బతుకు మార్చేసింది. 1884లో ఇటలీ కార్మికుల బృందం ఒకటి పారిస్‌లో జరిగే సభకు బయల్దేరింది. శ్రామికుల పరిస్థితుల మీద అక్కడ చర్చ. వాళ్లకు ఫ్రెంచ్ తెలిసిన మనిషి కావాలి. కుట్టుపని అమ్మాయి, పైగా ఫ్రెంచ్ వచ్చు, పైగా కార్మికుల కష్టం పుస్తకాల్లో చదివింది కాదు. రోసా వాళ్లతో వెళ్లింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు.

సభ అయిపోయింది. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోయారు. రోసా వెళ్లలేదు. అక్కడే ఉండిపోయి పారిస్ కుట్టుపని కేంద్రాల్లో పనికి చేరింది. ప్రపంచం మొత్తానికి ఫ్యాషన్ ఎక్కడి నుంచి వస్తుందో ఆ వంటింట్లోకే వెళ్లి చూసిందన్నమాట.

అక్కడ ఆమెకు కనిపించింది కేవలం మంచి కుట్టు కాదు, ఒక వ్యవస్థ. చార్లెస్ వర్త్ అనే ఇంగ్లండ్ మనిషి 1858లో పారిస్‌లో దుకాణం పెట్టిన దగ్గర్నుంచి అక్కడ పద్ధతి మారిపోయింది. అంతకుముందు కస్టమర్ వచ్చి ఇలా కుట్టు అంటే దర్జీ అలా కుట్టేవాడు. వర్త్ తానే ముందుగా మోడళ్లు తయారుచేసి, అమ్మాయిలకు తొడిగి చూపించి, అందులోంచి ఎంచుకోమన్నాడు. అంటే దర్జీ చెప్పింది కుట్టేవాడి స్థాయి నుంచి డిజైనర్ అయ్యాడు. ఆ మోడళ్లను విదేశీ దుకాణాలు కొనుక్కెళ్లి తమ ఊళ్లో మళ్లీ కుట్టుకునేవి. డబ్బు, పేరు పారిస్‌కి. మిగతా ఊళ్లకు మిగిలేది కూలి.

కాపీల దుకాణంలో పెద్ద ఉద్యోగం

కొన్నేళ్ల తర్వాత రోసా మిలాన్ తిరిగొచ్చింది. చేతిలో పారిస్ పనితనం ఉంది. మిలాన్‌లో ఆడవాళ్ల హక్కుల కోసం అన్నా మరియా మొజ్జొనీ నడుపుతున్న సంఘంలో చేరింది. సోషలిస్టు నాయకురాలు అన్నా కులిషోఫ్‌తో పరిచయమైంది. కుట్టుపని చేసే ఆడవాళ్ల పనిగంటలు, కూలి, చదువు గురించి మాట్లాడటం, పత్రికల్లో రాయడం మొదలుపెట్టింది.

ఇంకోవైపు ఉద్యోగంలోనూ పైకి వెళ్లింది. 1895లో హార్ట్ అండ్ సన్స్ అనే పేరున్న దుకాణంలో ప్రధాన కుట్టుపని అధికారిగా చేరింది. ఫ్రెంచ్‌లో ఆ పదవిని ప్రెమియేర్ అంటారు. మొదటి మనిషి అని అర్థం. కొన్నేళ్లకు ఆ దుకాణానికే డైరెక్టర్ అయింది. గుండుసూదులు ఏరిన పిల్ల ఇప్పుడు ఆ సూదులు ఎవరు ఏరాలో చెప్పే కుర్చీలో కూర్చుంది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. కానీ రోసాకు అసలు సమస్య ఇక్కడే మొదలైంది. ఆమె ఉద్యోగంలో ముఖ్యమైన పని ఏంటో తెలుసా? పారిస్ వెళ్లి కొత్త మోడళ్లు చూడటం, కొనడం, తెచ్చి మిలాన్‌లో కుట్టించడం. ఆమె జీతం కాపీల మీదే నడుస్తోంది. ఆమె ఎంత బాగా పనిచేస్తే ఇటలీ కుట్టుపని అంత బాగా పారిస్ వెనక నిలబడుతుంది.

ఇంకో ఇరకాటం కూడా ఉంది. ఆమె శ్రామికుల పక్షాన మాట్లాడే మనిషి. కానీ కుట్టించేది సంపన్నుల గౌన్లు. ఆ గౌను వెలకు అది కుట్టిన అమ్మాయి ఎన్ని నెలలు పనిచేయాలో ఆమెకు తెలుసు. ఈ రెంటి మధ్య ఎలా బతకాలనేది ఆమె జీవితమంతా వదలని ప్రశ్న. ఉద్యోగం మానేసి ఉపన్యాసాలు ఇవ్వొచ్చు. ఉపన్యాసాలు మానేసి ఉద్యోగం చేసుకోవచ్చు. ఆమె రెండూ వదల్లేదు. డిజైన్ మన దగ్గరే పుడితే ఆ విలువలో వాటా మన చేతులకే వస్తుంది కదా అన్న వైపు ఆలోచించింది.

బొమ్మలోంచి దిగిన గౌను

1906లో మిలాన్‌లో అంతర్జాతీయ ప్రదర్శన పెట్టారు. ఆల్ప్స్ పర్వతాల కింద ఇటలీ, స్విట్జర్లాండ్‌లను కలుపుతూ తవ్విన సింప్లాన్ రైలు సొరంగం అప్పుడే పూర్తయింది. దాదాపు 20 కిలోమీటర్ల పొడవు. అప్పట్లో ప్రపంచంలో అంతకన్నా పొడవైన రైలు సొరంగం లేదు. ఆ సంబరానికే ఈ ప్రదర్శన. దేశదేశాల యంత్రాలు, వాహనాలు, కళాఖండాలు వచ్చాయి. ఆ కళల విభాగంలో రోసా తన గౌన్లు పెట్టింది.

అందరూ పారిస్ కొత్త సీజన్ చూసుకుంటుంటే ఆమె నాలుగు శతాబ్దాల వెనక్కి చూసింది. బొత్తిచెల్లి 1480 ప్రాంతంలో వేసిన ప్రిమవేరా అనే చిత్రం ఫ్లోరెన్స్ నగరంలో ఉంది. ప్రిమవేరా అంటే వసంతం. అందులో ఫ్లోరా అనే పూలదేవత ఒళ్లంతా పూలు పరుచుకున్న పలుచని దుస్తుల్లో నడిచొస్తుంటుంది. రోసా ఆ దుస్తులను నాట్యవేడుకలకు వేసుకునే గౌనుగా మార్చింది. పట్టు మీద పూల ఎంబ్రాయిడరీ, పూసల మెరుపు, వెనక నేల మీద సాగే పొడవాటి అంచు. ఇంకో వస్త్రానికి పదిహేనో శతాబ్దం చిత్రకారుడు పిసనెల్లో గీసిన దుస్తుల బొమ్మ ఆధారం. దాన్నుంచి రాజసభల్లో భుజాల మీంచి కప్పుకునే బరువైన వెల్వెట్ వస్త్రం తయారైంది.

న్యాయనిర్ణేతలు ఆమెకు గ్రాండ్ ప్రి ఇచ్చారు. అదే పెద్ద బహుమతి. పోటీకి వచ్చింది చిత్రకారులు, శిల్పులు, అలంకార కళాకారుల మధ్యకు. ఒక దర్జీ పనిని కళగా గుర్తించడం అక్కడ అసలు విశేషం.

మరి ఇది కాపీ కాదా?

మీకు ఈపాటికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. పారిస్‌ని చూసి కుడితే కాపీ అంటున్నాం. మరి బొత్తిచెల్లిని చూసి కుడితే? పాతది కాబట్టి దొంగతనం కాదా?

ఇక్కడే డిజైన్ పాఠం ఉంది. పారిస్ మోడల్ గౌను కొని తెచ్చుకుంటే అందులో అన్నీ ఉంటాయి. కుట్టు ఎక్కడ వేశారు, లైనింగ్ ఏం వాడారు, నడుము దగ్గర ఎన్ని మడతలు, హుక్కులు ఎక్కడ, అన్నీ విప్పి చూసుకోవచ్చు. దాన్ని మళ్లీ కుట్టడానికి నైపుణ్యం కావాలి కానీ నిర్ణయాలు అక్కర్లేదు. నిర్ణయాలన్నీ వేరేవాళ్లు తీసేసుకున్నారు.

బొమ్మ అలా కాదు. బొమ్మకు వెనక భాగం లేదు. ఫ్లోరా వీపు ఎవరూ చూడలేదు. బొమ్మలో బట్ట బరువు తెలీదు. గాలికి ఎగిరినట్టు గీసిన ఆ పలుచని బట్ట నిజంగా ఏ నేత? ఆ పూలు నేసినవా, అద్దినవా, కుట్టినవా? చిత్రకారుడు కుంచెతో ఒక్క గీత గీసి ఊరుకున్న చోట దర్జీకి ఒక కుట్టు కావాలి, ఒక కొలత కావాలి. పైగా ఆ గౌను వేసుకునేది దేవత కాదు, 1906లో గుర్రపుబండి ఎక్కి దిగాల్సిన మిలాన్ ఆడమనిషి. అందుకే రోసా ఆ కాలపు ఒంటి తీరును వదల్లేదు. గౌను ఆకారం 1906దే. పూలు పరిచిన తీరు, రంగుల ఆలోచన, అలంకారం బొత్తిచెల్లివి. రెంటినీ కలిపే నిర్ణయాలన్నీ రోసావి.

ఆమె ఒక్కతే ఈ దారిలో లేదు. అదే కాలంలో వెనిస్‌లో స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడ్డ మరియానో ఫార్చునీ, ఆయన భార్య హెన్రియెట్ కలిసి పురాతన గ్రీకు శిల్పాలను చూసి సన్నని మడతల పట్టు గౌను తయారుచేశారు. దానికి డెల్ఫోస్ అని పేరు. కొన్నేళ్లకు రోమ్‌లో మరియా మొనాచి గల్లెంగా వెల్వెట్ మీద బంగారు, వెండి రంగులతో పాతకాలపు డిజైన్లు అద్దింది. ముగ్గురి సరుకూ మ్యూజియం. ముగ్గురి దారీ వేరు. ఫార్చునీ తన పద్ధతిని రహస్యంగా దాచుకున్నాడు. ఆ మడతలు సరిగ్గా ఎలా పెట్టేవాడో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. రోసా మాత్రం తనకు తెలిసింది పదిమందికీ నేర్పే పనిలో పడింది.

చీర తెలిసినవాళ్లకు అర్థమయ్యే గౌను

1908లో ఆమె ఇంకో అడుగు వేసింది. గ్రీసులో టనగ్రా అనే ఊరి దగ్గర తవ్వకాల్లో చిన్న చిన్న మట్టి బొమ్మలు దొరికాయి. ఒంటి చుట్టూ వస్త్రం చుట్టుకుని, కొంగు భుజం మీదికి లాక్కున్న ఆడవాళ్ల బొమ్మలు. ఆ బొమ్మల పేరుతోనే రోసా టనగ్రా గౌను చేసింది. దాని ప్రత్యేకత వదులుగా జారే బట్టలో ఉంది. వేసుకున్నామె దాన్ని తనకు నచ్చినట్టు చుట్టుకోవచ్చు, జార్చుకోవచ్చు, మరోలా సర్దుకోవచ్చు. ఒకే గౌను, కట్టుకునే తీరును బట్టి వేరే రూపం.

చీర కట్టు చూస్తూ పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. కానీ అప్పటి యూరప్‌లో పెద్దింటి ఆడవాళ్లు నడుముకు బిగించే కార్సెట్లలో ఊపిరి బిగబట్టి తిరిగేవారు. అలాంటిచోట ఒంటికి తగ్గట్టు బట్ట కదలాలనడం పెద్ద మాటే. లీడా బొరెల్లి అనే ప్రసిద్ధ నటి ఆ గౌను వేసుకుని ఫొటోలు దిగింది. అంత పేరున్న నటి ఒంటి మీదకు చేరితే అంతకు మించిన ప్రచారం ఏముంటుంది?

అదే ఏడాది ఏప్రిల్‌లో రోమ్‌లో ఇటలీ మహిళల మొదటి జాతీయ మహాసభ జరిగింది. చదువు, ఓటు, పని, చట్టాల మీద చర్చలు జరుగుతున్న ఆ సభలో రోసా ఫ్యాషన్ గురించి మాట్లాడింది. బట్టల ముచ్చట్లకు ఇదా చోటు అని ఎవరికైనా అనిపించొచ్చు. ఆమెకు మాత్రం అది ముచ్చట కాదు. దేశంలో వేలమంది ఆడవాళ్లకు కూడు పెట్టే పరిశ్రమ. ఆ పరిశ్రమకు సొంత ఆలోచన ఉండాలన్నది ఆమె వాదన. అందుకు ఇటలీ చిత్రకళ, శిల్పకళ చాలినంత పెట్టుబడి అన్నది ఆమె నమ్మకం.

అసలు డిజైన్ బడిలోనే

ఆమె చేసిన వాటిలో ఎక్కువ కాలం నిలిచింది ఏదంటే గౌన్లు కాదు, పాఠాలు. మిలాన్‌లో ఉమానిటారియా అనే సంస్థ ఉంది. ప్రాస్పెరో లోరియా అనే వ్యాపారి చనిపోతూ రాసిచ్చిన ఆస్తితో 1893లో మొదలైంది. పేదవాళ్లకు దానం చేయడం కాకుండా, తమ కాళ్ల మీద తాము నిలబడేలా పని నేర్పడం దాని ఉద్దేశం. ఆ సంస్థ అమ్మాయిల కోసం వృత్తివిద్యా బడి పెట్టింది. 1905 నుంచి రోసా అక్కడ కుట్టుపని విభాగం చూసుకుంది. దాంతో పాటు దుస్తుల చరిత్ర చెప్పింది.

ఈ రెండో సబ్జెక్టు గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. కుట్టుపని నేర్చుకోవడానికి వచ్చిన కూలీల పిల్లలు వాళ్లు. కాజాలు, హెమ్మింగ్, కటింగ్ నేర్పితే ఉద్యోగం వస్తుంది. గ్రీకులు ఏం కట్టుకున్నారు, రోమన్లు ఎలా చుట్టుకున్నారు, పదిహేనో శతాబ్దంలో చేతులకు అంత వెడల్పెందుకు అన్న చరిత్ర వాళ్లకెందుకు? కటింగ్ మాత్రమే తెలిసినమ్మాయి ఎవరో ఇచ్చిన మోడల్ కుడుతుంది. చరిత్ర కూడా తెలిసినమ్మాయి తన మోడల్ తాను గీయగలదు. కూలికీ, డిజైనర్‌కీ మధ్య ఉన్న గోడ కొంతవరకు ఆ ఒక్క పుస్తకమే. సంపన్నుల గౌన్లు కుట్టడానికీ శ్రామికుల పక్షాన నిలబడటానికీ మధ్య ఉన్న ఇరకాటానికి ఆమె వెతుక్కున్న జవాబు ఈ తరగతి గది.

ఆ పాఠాల పంటే 1925లో పుస్తకంగా వచ్చింది. ఆదిమకాలం నుంచి మొదలుపెట్టి శతాబ్దాల పొడవునా దుస్తుల కథ అది.

ఇంట్లో కూడా ఆమె బతుకు అప్పటి లోకం గీసిన గీత మీద నడవలేదు. న్యాయవాది అల్ఫ్రెడో పొడ్రైడర్, ఆమె కలిసి బతికారు. 1903లో కూతురు పుట్టింది. అతని ఇంటివాళ్లకు ఈ సంబంధం ఇష్టం లేదు. పెళ్లి జరిగింది 1922లో. ఆ పంతొమ్మిదేళ్లలోనే ఆమె బహుమతి గెలిచింది, బడి నడిపింది, దేశం దేశమంతా వద్దన్న చోటికి వెళ్లొచ్చింది.

ఇటలీ నుంచి ఒకే ఒక్కరు

ఆ చోటు నెదర్లాండ్స్‌లోని హేగ్. సంవత్సరం 1915. యూరప్ తగలబడుతోంది. ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకుంటున్న దేశాల ఆడవాళ్లు ఒకే హాల్లో కూర్చుని యుద్ధం ఆపడం గురించి మాట్లాడుకుందామని సభ పెట్టారు. ఏప్రిల్ 28న మొదలైంది. అమెరికా నుంచి వచ్చిన జేన్ ఆడమ్స్ అధ్యక్షురాలు. ఆమెకే తర్వాత 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 12 దేశాల నుంచి వెయ్యిమందికి పైగా వచ్చారు. బ్రిటన్ నుంచి బయల్దేరాలనుకున్న చాలామంది ఓడలు ఆపేయడంతో రాలేకపోయారు.

ఇటలీ నుంచి వచ్చింది ఒక్కరే. రోసా జెనోని.

అప్పటికి ఇటలీ ఇంకా యుద్ధంలో దిగలేదు. కానీ సభ మొదలవడానికి రెండు రోజుల ముందే, ఏప్రిల్ 26న, యుద్ధంలో చేరతామని ఇటలీ ప్రభుత్వం లండన్‌లో రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టేసింది. రోసా హేగ్‌లో శాంతి గురించి మాట్లాడుతున్న గంటల్లో ఆమె దేశం యుద్ధానికి మాట ఇచ్చేసి ఉంది. నెల తిరక్కముందే సైన్యం కదిలింది. నిన్నటిదాకా పక్కన నడిచిన మహిళా నాయకుల్లో చాలామంది యుద్ధం వైపు మొగ్గారు. రోసా మొగ్గలేదు. ఫలితం? పోలీసులు ఆమె మీద నిఘా పెట్టారు.

ఒక్కసారి ఇది గమనించండి. ఇటలీ ఫ్యాషన్ ఇటలీదే కావాలని అందరికన్నా గట్టిగా అడిగిన మనిషి దేశద్రోహి అన్న చూపులు పడాల్సి వచ్చింది. దేశం మీద ఇష్టం ఉండటం వేరు, పక్క దేశం మీద కసి ఉండటం వేరని ఆమె అనుకుంది. ఆ రెంటినీ ఒకటే అనుకునే కాలం అది.

ప్రమాణం చేయని టీచరమ్మ

1922లో ముస్సోలినీ అధికారంలోకి వచ్చాడు. కొన్నాళ్లకు చదువు చెప్పేవాళ్లంతా పాలకులకు విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాల్సి వచ్చింది. 1931లో యూనివర్సిటీ ప్రొఫెసర్లను అడిగితే 1,200 మందికి పైగా ఉన్నవాళ్లలో కాదన్నది సుమారు డజను మంది. అంతటి చదువుకున్నవాళ్లే సంతకం పెట్టి ఊరుకున్నారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. ఎవర్నీ తప్పుపట్టడం కూడా కష్టమే.

కుట్టుపని టీచర్ రోసా ప్రమాణం చేయలేదు. 1933లో బడి వదిలేసింది. అప్పటికి ఆమె వయసు 66. ఇరవై ఎనిమిదేళ్లుగా ఉన్న తరగతి గది అది. ఆమె చేసిన పనుల్లో ఆమెకు దగ్గరైన పని అది.

విచిత్రం ఏంటంటే అదే ప్రభుత్వం 1935లో జాతీయ ఫ్యాషన్ సంస్థ పెట్టింది. విదేశీ మోడళ్లు వద్దు, ఇటలీ ఫ్యాషనే కావాలని హుకుం జారీ చేసింది. ముప్పై ఏళ్ల కిందట రోసా ఎత్తిన మాటే అది. ఆమె ఆ మాటతో మనుషులకు చదువు చెప్పింది. వాళ్లు అదే మాటతో దుకాణాలకు ఆంక్షలు పెట్టారు. కావాలనుకుంటే ఆమె వెళ్లి ఆ పక్కన నిలబడొచ్చు. పూలదండ వేసి కుర్చీ ఇచ్చేవాళ్లేమో. ఆమె వెళ్లలేదు. మెల్లగా ఆమె పేరు ఫ్యాషన్ లోకం నోట్లోంచి జారిపోయింది.

ఒకే ప్యాలెస్‌లో

యుద్ధాలు అయిపోయాయి. 1951 ఫిబ్రవరిలో ఫ్లోరెన్స్‌లో జొవాన్నీ బట్టిస్టా జోర్జినీ అనే వ్యాపారి తన ఇంట్లో అమెరికా కొనుగోలుదారులకు ఇటలీ డిజైనర్ల దుస్తులు చూపించాడు. షరతు ఒకటే. పారిస్ నుంచి తెచ్చిన ఆలోచన ఏదీ ఉండకూడదు. మరుసటి ఏడాదికి ఆ ప్రదర్శన పిట్టి ప్యాలెస్‌లోని తెల్లని పెద్ద హాల్లోకి మారింది. ప్రపంచం ఇటలీ ఫ్యాషన్ పుట్టినరోజుగా లెక్కేసేది ఈ ప్రదర్శననే. అప్పటికి రోసా జెనోని బతికే ఉంది. వయసు ఎనభై దాటింది. 1954లో వరేజే అనే ఊళ్లో కన్నుమూసింది.

ఆమె 1906లో కుట్టిన ప్రిమవేరా గౌనును, పిసనెల్లో బొమ్మ చూసి చేసిన వెల్వెట్ వస్త్రాన్ని కుటుంబం దాచి ఉంచింది. తర్వాత అవి మ్యూజియానికి చేరాయి. ఏ మ్యూజియం అనుకున్నారు? పిట్టి ప్యాలెస్‌లోని దుస్తుల మ్యూజియమే. ఏ ప్యాలెస్‌లో ఇటలీ ఫ్యాషన్ ప్రపంచం ముందు నడిచిందో ఆ కప్పు కిందికే పదేళ్ల పనిపిల్ల కలగన్న గౌను కూడా వచ్చి చేరింది. కాకపోతే కొంచెం ఆలస్యంగా.

రోసా పద్ధతిలో ఓ కసరత్తు

డిజైన్ కోర్సుల్లో చేరాలనుకునేవాళ్లు, ఇప్పటికే టైలరింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఇది చేసి చూడండి. ఖర్చేమీ లేదు.

* మీకు దగ్గర్లోని గుడి గోడ మీదో, మ్యూజియంలోనో ఒక శిల్పాన్నో, చిత్రాన్నో ఎంచుకోండి. ఫోన్లో ఫొటో తీయకండి. కాగితం మీద గీయండి. గీస్తేనే మడత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కంటికి తెలుస్తుంది.

* ఆ దుస్తులకు వెనక భాగం ఎలా ఉండొచ్చో మీరే గీయండి. బొమ్మలో కనిపించనిదే మీ డిజైన్.

* పాత చీరో, దుప్పటో తీసుకుని మనిషికి చుట్టి చూడండి. శిల్పంలో బట్ట పడినట్టు పడుతోందా? పడకపోతే కారణం రాసుకోండి. బట్ట బరువా, నేతా, ఏటవాలు కోతా?

* దాంట్లోంచి ఒక్క అంశాన్ని మాత్రమే తీసుకోండి. అంచో, మడతో, పూల వరసో. దాన్ని ఇవాళ బస్సెక్కి కాలేజీకి వెళ్లే అమ్మాయి వేసుకోగల డ్రెస్‌లోకి తీసుకురండి.

* చివరగా పక్కవాళ్లకు నేర్పండి. రోసా గౌన్లు మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. ఆమె పాఠాలు మిలాన్ కుట్టు మిషన్ల మీదకు వెళ్లాయి.